సిమెంటు ఇటుకల గోడలు

శింగనమల నుండి యొక సోదరి తమ క్రొత్తయింటి గోడలకు సిమెంటు ఇటుకలు తగునా యని యడిగినది. తగును, కాని అమ్మా, ఆ సీమలో ఇటుక వెలకంటె ముందు నీటి లెక్క చూచుకొనవలయును. అనంతపురము ప్రాంతమున ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లే గదా!

సిమెంటు గట్టిపడుట ఎండవలన కాదు, నీటితో కలిసి మాఱుటవలన. కావున ఇటుకలను పోసిన పిదప 14 దినములు తడుపవలెను. పిమ్మట నాలుగు వారములు ఆరనీయవలెను. పచ్చి ఇటుకలతో కట్టినచో అవి గోడలోనే ఆరి కుదించుకొనును, నెఱ్ఱెలు విచ్చును. గోడ లేచిన తరువాతను తడుపు తప్పదు. బేల్దారి "రెండుపూటలు నీళ్లు కొట్టుడమ్మా" యని చెప్పి పోవును. బిందెలు మోయుట మన నడుముపైఁ బడును. అందుచేత వానలు వెళ్లి చెరువున కొంత నీరుండు కార్తీక మార్గశిరములలో పని పెట్టుకొనుఁడు. గోడపై తడి గోనెపట్టాలు కప్పుఁడు. సగము మోత తగ్గును.

మట్టి యిటుకను నానవేసి కట్టుదురు. సిమెంటు ఇటుకను నానవేయరాదు, పైపైన చిలకరించిన చాలును. ఈ భేద మెఱుఁగని పనివారు కలరు. దగ్గర నిలిచి చూచుకొనుఁడు. మాలునకు ఒక పాలు సిమెంటు, ఆరుపాళ్లు ఇసుక చాలును. బావినీరు ఉప్పనైనచో మిద్దె కాంక్రీటునకు వాడకుఁడు, లోని యినుము త్రుప్పుపట్టును.

పాతయింటి బండరాళ్లు పడియున్నవా? అమ్మివేయకుఁడు, పునాదికి అంతకు మించినది దొరకదు.