వెల లేని పాఠ్యపుస్తకములు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కమ్యూనిటీ కళాశాలలని పేరుగల విద్యాలయములు వేయి వరకు నున్నవి. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రమునందలి జోలియెట్ పట్టణమున నారంభమైన కళాశాలను వీనిలో మొదటిదిగా నెన్నుదురు. ఉన్నత పాఠశాల ముగించినవారికి ఇంటికి దగ్గరలో, తక్కువ ఫీజుతో, రెండేండ్ల చదువు చెప్పుటయే వీని ముఖ్యమైన పని. పగలెల్ల దుకాణములో నిలువబడి పనిచేసి సాయంకాలము తరగతికి వచ్చువారు, బిడ్డలను సాకుచు చదువుకొను తల్లులు, పరదేశమునుండి వచ్చి క్రొత్త భాష నేర్చుకొనువారు వీనియందు చేరుచుందురు. ఇట్టివారికొరకు వెల లేని పాఠ్యపుస్తకములను సమకూర్చుట కచ్చట జరుగుచున్న ప్రయత్నమునుగూర్చి మా యభిప్రాయమును చదువరుల ముందుంచ దలచితిమి.

ఆ దేశమున కళాశాల పుస్తకముల వెల వినిన మన తలిదండ్రులు నమ్మజాలరు. అచ్చటి ప్రభుత్వపు లెక్కల తనిఖీ కార్యాలయము 2005లో ఒక నివేదికను ప్రకటించెను. ప్రభుత్వపు రెండేండ్ల కళాశాలలో క్రొత్తగా చేరిన విద్యార్థికి 2003-04 సంవత్సరమున పుస్తకములకును, తక్కిన సామగ్రికిని 886 డాలర్లు కావలెనని అందు అంచనా వేయబడినది. అది ఫీజులో దాదాపు ముప్పాతిక. ప్రభుత్వపు నాలుగేండ్ల కళాశాలలలో నిది సుమారు నాల్గవ వంతు మాత్రమే. అనగా పేదవాడు చేరు కళాశాలలోనే పుస్తకపు భారము హెచ్చు. అటుపిమ్మట 2006 జనవరి మొదలు 2016 జూలై వరకు కళాశాల ఫీజులు నూటికి 63 వంతులు పెరుగగా, పాఠ్యపుస్తకముల ధరలు నూటికి 88 వంతులు పెరిగినవి.

ఇంత వెల యేల? పుస్తకము నేర్పరచువాడు ఉపాధ్యాయుడు, సొమ్ము చెల్లించువాడు విద్యార్థి. మందు వ్రాయు వైద్యుడు దాని వెల యడుగనట్లే, పుస్తకము నేర్పరచువాడును తరచుగా వెల యడుగడు. మన హైదరాబాదులో కోఠియందును, విజయవాడలో లెనిన్ సెంటరునందును పాత పుస్తకములమ్ము దుకాణములు లేకున్న ఎందరు బీద పిల్లల చదువు నిలిచిపోయెడిదో! అమెరికాలోను పాత పుస్తకములమ్ముదురు. కాని ప్రచురణకర్తలు కొన్ని యేండ్ల కొకమారు లెక్కల వరుస మార్చి, పుటలు మార్చి, క్రొత్త కూర్పు వేయుచుందురు. అంతటితో పాత కూర్పునకు గిరాకి పోవును. ఇటీవల మరియొక యుపాయము వచ్చినది. పుస్తకముతోపాటు యాక్సెస్ కోడ్ అను ఒక సంకేతము నమ్ముదురు. అది యుండిననే గాని ఇంటిపాఠములను కంప్యూటరులో చేసి యొప్పగించుటకు వీలులేదు. ఒకరు వాడిన సంకేతము మరియొకరికి పనికిరాదు. అన్న పుస్తకము తమ్మునికి వచ్చుటయను మాట దీనితో ముగిసినది.

ఈ చిక్కు నెదుర్కొన్న యొక పుస్తకపు కథ చెప్పదగియున్నది. కాలిఫోర్నియాలో కూపర్టినో పట్టణమునందలి డి ఆంజా కమ్యూనిటీ కళాశాలలో బార్బరా ఇలౌస్కీ, సూజన్ డీన్ అను ఇరువురు అధ్యాపికలు తమ విద్యార్థులకొరకు గణాంకశాస్త్రమున నొక పుస్తకము వ్రాసిరి. 2008లో మాక్స్‌ఫీల్డ్ ఫౌండేషన్ అను ధర్మసంస్థ దాని హక్కులను కొని, అందరును ఉచితముగా చదువుకొనుటకు విడిచిపెట్టెను. హ్యూస్టన్ నగరమున రైస్ విశ్వవిద్యాలయము నడపు ఓపెన్‌స్టాక్స్ సంస్థ 2012లో ఇట్టి పుస్తకములను వెలువరింప నారంభించి, 2013లో ఈ గణాంకశాస్త్ర గ్రంథమును సవరించి ప్రకటించెను. కంప్యూటరులో చదువువారికి ఖర్చు లేదు. అచ్చు ప్రతి కావలసినవారు దానికి మాత్రము సొమ్మిచ్చి తెప్పించుకొనవచ్చును.

మా దృష్టికి వెల లేకుండుటకంటెను ఘనమైనది మరియొకటి గలదు. మన తెలుగు పుస్తకములలో ముఖపత్రపు వెనుక "సర్వహక్కులు గ్రంథకర్తవి" యని యుండుట అందరెరిగినదే. ఈ పుస్తకములలో ఆ స్థానమున, 2002లో వెలువడిన క్రియేటివ్ కామన్స్ అనుమతి పత్రములలో నొకటి యుండును. ఉపాధ్యాయుడు అక్కరలేని యధ్యాయమును తీసివేయవచ్చును. తన యూరి యుదాహరణములను చేర్చవచ్చును. తప్పు కనబడిన దిద్దవచ్చును. మూలకర్త పేరు చెప్పవలెను. కేవలము ఉచితముగా చూపి, గడువు తీరిన పిమ్మట మూసివేయు పుస్తకము నిట్టిదానితో సమానముగా నెంచరాదు. విద్యార్థి పరీక్ష ముగిసిన తరువాతను పుస్తకము వానియొద్ద నుండవలెను గదా.

ఊరక వచ్చినది నాసిరకమైనదని కొందరందురు. ఓపెన్‌స్టాక్స్ పుస్తకములను ఆయా శాస్త్రముల యధ్యాపకులు వ్రాయగా, మరికొందరు పరీక్షించుచున్నారు. ఉచిత పుస్తకములతో చదివినవారు కొన్నవారికంటె వెనుకబడలేదని పలు పరిశోధనలలో తేలినది. కొనలేక పుస్తకమే లేకుండ తరగతిలో కూర్చుండువానికి మేలైన పుస్తకము అంగడిలో నుండి యేమి లాభము?

మాకు తోచు సందేహము వేరొకటి. వెల లేదనగా ఖర్చు లేదని కాదు. ఓపెన్‌స్టాక్స్ పుస్తకముల ఖర్చు హ్యూలెట్, గేట్స్ మొదలగు ధర్మసంస్థలు భరించినవి. తరగతికి తగినట్లు పుస్తకమును మలచువాడు మాత్రము ఉపాధ్యాయుడు. కమ్యూనిటీ కళాశాలలలో చెప్పువారిలో పెక్కుమంది గంటల లెక్కన జీతము పుచ్చుకొనువారు. వారు రాత్రులు కూర్చుండి అభ్యాసములు వ్రాసిన, ఆ శ్రమకు వెల కట్టువా రెవ్వరు? విద్యార్థి భారమును తీసి ఉపాధ్యాయుని తలపై బెట్టుట న్యాయము కాదు. వర్జీనియాలో టైడ్‌వాటర్ కమ్యూనిటీ కళాశాల 2013లో, పుస్తకముల కొక డాలరైనను పెట్టకుండ పట్టము పొందగల చదువు నేర్పాటు చేసెను. కాలిఫోర్నియా ప్రభుత్వ మట్టి చదువులకొరకు 2016లో 50 లక్షల డాలర్లును, 2021లో 11 కోట్ల 50 లక్షల డాలర్లును కేటాయించెను. ఈ సొమ్ములో ఉపాధ్యాయుని పనిగంటలకు తగిన భాగము చేరినప్పుడే యిది నిలుచునని మా నమ్మకము. ఉచిత పుస్తకముచుట్టు ఇంటిపాఠముల యంత్రమును నిర్మించి దానికి వెల తీసికొను వర్తకులు నున్నారు. పాత సంకేతమే క్రొత్త వేషమున రాకుండ కళాశాలలు కనిపెట్టియుండవలెను.

ఇది దూరదేశపు ముచ్చటయని మన యుపాధ్యాయులు తలంపనక్కరలేదు. 2013లో పైని గణాంకశాస్త్ర గ్రంథమున కిచ్చిన యనుమతి దానిని ఏ భాషలోనికైనను తెచ్చుకొనుటకు చాలును. మన గణిత పండితులలో నిద్దరు ముగ్గురు పూనుకొని, అందలి బేస్‌బాల్ లెక్కలకు బదులు క్రికెట్ లెక్కలు వేసి మొదటి యధ్యాయమును తెలుగు చేసిన, రాబోవు సంచికలో దాని నచ్చొత్తించుటకు మేము సిద్ధముగా నున్నాము.