హన్నా కుట్టిన అంగీ

మోర్తాడ్ చుట్టుపక్కల గల్ఫ్‌కు బిడ్డలను పంపిన ఇళ్లు ఎన్నో. ఎడబాటు మనకు కొత్త కాదు. అయినా పుణె సైనిక వైద్య కళాశాలలో చదివి, సరిహద్దుకు వెళ్లే డాక్టరు బిడ్డ గురించిన దిగులు వేరు. నిజామాబాద్‌లోనే ఆసుపత్రి పెట్టుకోవచ్చు కదా అని తల్లి బాధపడితే, 'విశ్వాసం లేదా అమ్మా?' అని తేలిగ్గా అనేస్తాం.

ఆ కొలువులో ప్రమాదం లేదని ఎలా చెప్పగలం? 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబుతో పాటు నర్సింగ్ అసిస్టెంట్ దీపక్ సింగ్ కూడా అమరుడయ్యాడు. తాను గాయపడినా వైద్యం ఆపక 30 మందికి పైగా సైనికులను కాపాడాడు. మరణానంతరం వీరచక్ర వచ్చింది.

హన్నాను చూడండి. సమూయేలును దేవునికి అప్పగించింది, మాట తప్పలేదు. అయినా ఏడాదికోసారి చిన్న అంగీ కుట్టి షిలోహుకు పట్టుకెళ్లేది (1 సమూ. 2:19). కళ్లెదుట లేని బిడ్డ ఎంత ఎదిగాడో ఎలా కొలుచుకుందో! యాజకుడైన ఏలీ ఆమెను తప్పుపట్టలేదు, ఆ దంపతులను దీవించాడు.

ఎదిగిన బిడ్డ నిర్ణయం బిడ్డదే. బాండు రాశాక ఫోన్లో ఏడ్చి రమ్మంటే, అక్కడ రోగి ముందు ఆ చెయ్యి వణుకుతుంది. తల్లి ఆ ఏడుపేదో మన దగ్గర ఏడవనివ్వండి. ఆదివారం గల్ఫ్‌లో ఉన్నవారి కోసం ప్రార్థించేటప్పుడు సైన్యంలోని మన డాక్టర్లు, నర్సుల పేర్లు కూడా చదువుదాం.