మందు గురి తప్పరాదు

ఎలుకలున్నాయని ఇల్లు తగులబెట్టిన సామెత కాన్సరు చికిత్సకు చాలాకాలం వర్తించింది. వేగంగా పెరిగే కాన్సరు కణాన్ని చంపే మందు వెంట్రుక కుదుళ్ళను, పేగు పొరను, ఎముక మూలుగను కూడ విడిచిపెట్టదు. వ్యాధికంటె చికిత్సకే రోగి భయపడే దుస్థితి దీనివల్లనే ఏర్పడింది.

ఈ దోష నివారణకై శాస్త్రజ్ఞులు మందును నానో కణాలలో పొదిగి పంపే మార్గాన్ని కనుగొన్నారు. నానోమీటరు అనగా మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. కణితిలోని రక్తనాళాలకు సందులు ఎక్కువ. ఆరోగ్యకరమైన నాళాన్ని దాటలేని కణం ఆ సందులగుండా కణితిని చేరగలదు. 1986లో జపాను శాస్త్రజ్ఞులు మత్సుమురా, మయెదా ఈ సంగతిని వెల్లడించారు. 1995లో అమెరికాలో అనుమతి పొందిన డాక్సిల్, డాక్సోరూబిసిన్ మందును కొవ్వు పొరలో దాచి గుండెకు కలిగే హానిని తగ్గించింది. అయితే అరచేతులు, అరికాళ్ళు కమలే బాధను తెచ్చింది. ఇది రామబాణం కాదు. పదేళ్ళ జంతు ప్రయోగాలను పరిశీలించిన 2016 నాటి సమీక్ష ప్రకారం, ఎక్కించిన కణాలలో కణితిని చేరినవి సాధారణంగా నూటికి ఒకటి కూడ లేవు. పరిశోధన ఇంకను జరుగవలసియున్నది.

ఈ విద్య మనకు దూరదేశపు ముచ్చట కాదు. సంగారెడ్డి చెంత కందిలోని ఐఐటి హైదరాబాదులో ఆచార్య అరవింద్ కుమార్ రెంగన్ బృందం ఈ రంగంలోనే కృషి చేసింది. అదే ముంబయి రహదారిపై పటాన్‌చెరు ఔషధ కర్మాగారాలున్నాయి. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం విడిచిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ ఉన్నదని 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే దానికంటె అది అధికం. అది కాన్సరు మందు కాదు, యాంటిబయాటిక్. కాని పాఠం ఒక్కటే. వాగులో కలసిన మందు కూడ గురి తప్పిన మందే.

రోగి దేహంలో ఆరోగ్యకరమైన కణాన్ని కాపాడాలన్న న్యాయం, మందు తయారయ్యేచోట ఆరోగ్యంగా ఉన్న పల్లెకు కూడ వర్తించాలని మా అభిప్రాయం. ఒకరి వ్యాధి తగ్గించడానికి మరొకరి నీరు చెడరాదు.

విద్యార్థి మిత్రులారా, మీలో పలువురు రేపు ఈ కర్మాగారాలలోనే రసాయనశాస్త్ర నిపుణులుగా చేరగలరు. మందు శుద్ధతను పరీక్షించే చేతులే విడిచే నీటిని కూడ పరీక్షించాలి. కళాశాల సంఘం వారికి మా విన్నపం ఒకటి: విజ్ఞానశాస్త్ర విద్యార్థులను ఏటా ఒకనాడు కంది ప్రయోగశాలకు, మరొకనాడు నక్కవాగు ఒడ్డుకు తీసుకొనిపోవలెను. రెండింటినీ చూసినవారే మందు విలువను సంపూర్ణంగా గ్రహింపగలరు.