చింపని పేజీ

సంక్రాంతికి మా మేనల్లుడు టెక్సాస్ నుంచి వచ్చాడు. అందరికీ ఏవేవో తెచ్చాడు. బాదంపప్పు, చాక్లెట్లు, నాకొక చలికోటు! రాజమండ్రిలో చలికోటు ఎప్పుడు తొడుక్కోవాలో నాకింకా తెలియలేదు. వాటన్నిటి అడుగున, బట్టల మడతల్లో, అట్ట నలిగిన నోటుపుస్తకం ఒకటి కనిపించింది. పెట్టె సర్దుతున్న మా ఆవిడ దాన్ని తెరిచి చూసి గతుక్కుమంది.

"ఏమండోయ్, మీ మేనల్లుడు అక్కడ పిస్తోలు పేలుస్తున్నాడు!"

పిస్తోలు అనేది మా ఇంట్లో సినిమా పేరుగా తప్ప ఎప్పుడూ వినబడని మాట. నేను కూడా కాస్త కంగారుపడ్డాను. వాడు మాత్రం పూతరేకు నములుతూ తాపీగా నవ్వాడు.

"పిస్తోలు తేలేదత్తయ్యా, పుస్తకమే తెచ్చాను. అది ఆట. కొందరు టెన్నిసు ఆడరూ, అలాగే."

ఆట పేరు ప్రాక్టికల్ షూటింగట. మనం టీవీలో చూసే ఒలింపిక్ పోటీలో మనిషి ఒకచోట నిలబడి, ఊపిరి బిగబట్టి, ఎదురుగా ఉన్న గుండ్రటి గురిని కొడతాడు. ఇందులో అలా కాదు. నడుముకి ఒర, అందులో పిస్తోలు. వెనకాల నిలబడిన అధికారి చేతిలో గడియారంలాంటి యంత్రం 'బీప్' మంటుంది. అంతే, పిస్తోలు తీసి, చెక్క గోడల సందుల్లోంచి నడుస్తూ, వంగుతూ, అక్కడక్కడా నిలబెట్టిన అట్టబొమ్మలని కొట్టుకుంటూ పోవాలి. ఆ యంత్రం చెవులున్న యంత్రం. ప్రతి పేలుడూ విని, ఎన్ని సెకన్లకి పేలిందో వందోవంతు తేడా లేకుండా రాసిపెట్టుకుంటుంది.

ఈ ఆటకి అంతర్జాతీయ సంఘం 1976లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో, కొలంబియా అనే ఊళ్ళో పుట్టింది. మొదటి అధ్యక్షుడు జెఫ్ కూపర్. వాళ్ళ నినాదం మూడు లాటిన్ మాటలు: డిలిజెన్షియా, విస్, సెలెరిటాస్. అంటే గురి, బలం, వేగం. ఈ మూడింటికీ పొత్తు కుదరడమే ఆట.

"మరి గెలిచినట్టు ఎలా తెలుస్తుందిరా?" అన్నాను.

"పాయింట్లని సెకన్లతో భాగిస్తారు మావయ్యా. దాన్ని హిట్ ఫాక్టర్ అంటాం."

లెక్క సులువే. మూడు అట్టలు, ఒక్కోదానికి రెండేసి గుళ్ళు. ఆరూ నడిమధ్య తగిలితే గుండుకి అయిదు చొప్పున ముప్ఫై పాయింట్లు. ఆరు సెకన్లు పడితే ఫాక్టరు 5. అదే తొందరపడి అయిదు సెకన్లలో ముగించి, రెండు గుళ్ళు పక్క గడిలో పడ్డాయనుకోండి, వాటికి మూడేసి. మొత్తం 26. భాగిస్తే 5.2. తొందర లాభించింది! కాని ఒక్క గుండు అసలు తగలకపోతే, దాని అయిదూ పోవడం అలా ఉంచి, పైన పది జరిమానా. మిగిలేవి పదిహేను. ఫాక్టరు మూడుకి దిగుతుంది.

మా ఆవిడ వెంటనే అంది: "పావుగంటలో వంట ముగించి పప్పు మాడబెట్టినట్టన్నమాట."

ఇంతకంటె బాగా ఈ ఆటని ఎవరూ వివరించలేరనుకుంటాను.

ఇక ఆ నోటుపుస్తకం సంగతి. రాత్రి భోజనాలయ్యాక వాడే చదివి వినిపించాడు. సాధనలో ఎక్కువ భాగం గుళ్ళు లేకుండానేనట, ఇంట్లోనే, ఖాళీ పిస్తోలుతో. ప్రతిరోజు పేజీలోనూ మొదటి వాక్యం ఒక్కటే: 'గుళ్ళు వేరే గదిలో ఉన్నాయి. పిస్తోలు ఖాళీ. రెండుసార్లు చూశాను.' ఈ వాక్యం వినేసరికి మా ఆవిడ ముఖంలోకి రక్తం వచ్చింది.

"మొదటి సంవత్సరం పుస్తకం చూస్తే నేను ప్రపంచ చాంపియన్ని మావయ్యా," అన్నాడు వాడు.

అప్పట్లో వాడు ఏ రోజుకారోజు అన్నిటికంటె బాగా వచ్చిన అంకె ఒక్కటే రాసుకునేవాడట. ఒరలోంచి తీసి మొదటి గుండు పేల్చడానికి 1.2 సెకన్లు. ఆ అంకె చూసుకుని పొంగిపోయేవాడు. తీరా పోటీకి వెళితే యంత్రం 1.9 అని చూపించేది. యంత్రం పాడైందేమోనని అధికారిని అడిగాడట కూడా! అక్కడ దేశమంతటా ఒకేలా పెట్టే పరీక్షలు కొన్ని ఉంటాయి. మేటి ఆటగాళ్ళ ఫలితంతో పోల్చి, నూటికి ఇంత అని తేలుస్తారు. నలభై లోపు డి తరగతి, అరవై లోపు సి, డెబ్బయ్యయిదు లోపు బి, ఎనభయ్యయిదు లోపు ఎ. ఆపైన మాస్టరు. తొంభయ్యయిదు దాటితే గ్రాండ్ మాస్టరు. ఇంట్లో మాస్టరైన మావాడు పోటీలో సి తరగతిలోనే సంవత్సరమంతా కూర్చున్నాడు.

చివరికి క్లబ్బులో ఒక ముసలాయన పుస్తకం తిరగేసి ఒక మాట అన్నాడట. "ఇందులో నువ్వు లేవు. నీ అదృష్టం ఉంది."

ఆ మర్నాటినుంచీ వాడు పద్ధతి మార్చాడు. పొద్దున్నే, చేతులు ఇంకా చల్లగా ఉండగా చేసిన మొట్టమొదటి ప్రయత్నం ముందు రాస్తాడు. ఎందుకంటే పోటీలో 'ఇంకోసారి చేస్తానండీ' అంటే వినేవాడుండడు. అక్కడ దొరికేది మొదటిసారే. తరువాత పది ప్రయత్నాల సగటు. తరువాత అన్నిటికంటె చెడ్డది. చివర, రేపు దిద్దుకోవలసింది ఒక్కటంటే ఒక్కటే. నాలుగు రాస్తే నాలుగూ మిగిలిపోతాయని వాడి అనుభవం.

కొత్త పద్ధతి మొదలుపెట్టిన నెలలో 1.2 అంకె కాస్తా 1.8 అయి కూర్చుంది. "ఏడుపొచ్చింది మావయ్యా. కాని ఆ 1.8 నిజం. నిజమైన అంకె అయితే దాన్ని తగ్గించుకోవచ్చు. లేని 1.2ని ఏం చెయ్యను?" అన్నాడు. ఏడాది తిరిగేసరికి మొదటి ప్రయత్నం 1.4కి వచ్చింది, వాడు బి తరగతికి ఎక్కాడు.

పేజీలు తిప్పుతుంటే మధ్యలో ఒకటి మొత్తం ఎర్రసిరాతో ఉంది. అదేమిటన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు.

పోటీలో ఎడమవైపు పరుగెడుతూ మేగజైను మార్చాడట. మేగజైనంటే ఇప్పుడు మీ చేతిలో ఉన్నది కాదు, తూటాల పెట్టె. ఆ హడావిడిలో పిస్తోలు మూతి పక్కకి తిరిగి, దాటకూడని గీత దాటింది. ఈ ఆటలో మూతి ఎప్పుడూ అట్టల వైపే ఉండాలి, వెనకనున్న మనుషుల వైపు తిరగకూడదు. తిరిగితే క్షమాపణలు, వాయిదాలు లేవు. అధికారి 'ఆగు' అన్నాడు. ఆ రోజుకి ఆట సరి, ఇంటికి పొమ్మన్నారు.

"ఎవరికీ ఏమీ కాలేదు. కాని ఇంకో జానెడు తిరిగి, వేలు మీటమీద ఉండి ఉంటే?" అన్నాడు. "ఇంటికొచ్చి ఆ పేజీ చింపేద్దామనుకున్నాను. చింపితే మర్చిపోతాను. మర్చిపోతే మళ్ళీ చేస్తాను. అందుకని ఎర్రసిరాతో రాశాను." తరువాత రెండు నెలలు ఆ ఒక్క కదలికనే, నత్తనడకన, ఖాళీ పిస్తోలుతో సాధన చేశాడట. ఆ రెండు నెలల పేజీలూ ఉన్నాయి.

"మనవాళ్ళలో ఎవరైనా ఉన్నారటరా ఇందులో?" అంది మా ఆవిడ. కాస్త మెత్తబడిందని అర్థమయింది.

ఈ పరుగుల ఆటలో కాదుగాని, నిలబడి కొట్టే పిస్తోలులో మన ఈషా సింగ్ ఉందిగా అన్నాడు వాడు. హైదరాబాదు అమ్మాయి. 2018లో, పదమూడేళ్ళకే, పెద్దవాళ్ళ విభాగంలో జాతీయ చాంపియన్ అయింది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది, ఒక స్వర్ణం, మూడు రజతాలు. మరుసటి ఏడు పారిస్ ఒలింపిక్స్‌లో 25 మీటర్ల పిస్తోలులో 581 పాయింట్లతో పద్ధెనిమిదో స్థానంలో ఆగిపోయింది. ఆ నాలుగు పతకాలూ ఆమెవే, ఈ పద్ధెనిమిదో స్థానమూ ఆమెదే. పది మీటర్ల గాలి పిస్తోలులో పది పాయింట్ల గడి అడ్డకొలత పదకొండున్నర మిల్లీమీటర్లు, చొక్కాగుండీ అంత! డెబ్బయ్యయిదు నిమిషాల్లో అరవైసార్లు దాన్ని కొట్టాలి. ఆ అరవైలో ఒక్కటి జారినా కాగితం మీద ఉండితీరుతుంది. చెరపడానికి లేదు.

చెరపడానికి లేదు అన్న మాట దగ్గర మా ఆవిడ నావైపు అదోలా చూసింది. లేచి లోపలికి వెళ్ళి నా చక్కెర పుస్తకం తెచ్చి వాడి ముందు పెట్టింది.

పాఠకులకి చెప్పేస్తున్నాను. నాకు చక్కెర వ్యాధి వచ్చి ఆరేళ్ళయింది. ఇంట్లోనే వేలు పొడుచుకుని చూసుకునే యంత్రం ఉంది. ఆ అంకెలు పుస్తకంలో రాసి డాక్టరుగారికి చూపిస్తూ ఉంటాను. 108, 112, 104, 110. ముత్యాల్లాంటి అంకెలు. డాక్టరుగారు మూడు నెలల సగటు తేల్చే రక్తపరీక్ష చేయించమంటే, "పుస్తకం ఉందిగా, ఎందుకండీ ఖర్చు?" అని వాయిదా వేస్తూ వచ్చాను. ఆయన పుస్తకాన్ని నమ్మి మాత్ర మార్చలేదు.

వాడు పేజీలు తిప్పి, "మావయ్యా, ఇందులో తారీకులు మధ్యమధ్య లేవేం?" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోగా మా ఆవిడ వంటింటి గోడకున్న కాలెండరు పట్టుకొచ్చింది. అందులో పాల లెక్కతోపాటు, పక్కన చిన్న చిన్న చుక్కలు. నేను తాపేశ్వరం కాజా తిన్న రోజులట! నా పుస్తకంలో తారీకులు లేని చోటల్లా కాలెండరులో చుక్క ఉంది.

"పాలవాడు రాని రోజూ రాస్తాను, నీళ్ళపాలు పోసిన రోజూ రాస్తాను. మంచిపాలు పోసినరోజే రాస్తే అది లెక్కెలా అవుతుందండీ?" అంది.

నవ్వేద్దామనుకున్నాను. కాని నాలుగు నెలలుగా అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్న సంగతి ఆవిడకి కూడా చెప్పలేదు. నవ్వు రాలేదు.

మర్నాడు వాణ్ణి ధవళేశ్వరం తీసుకెళ్ళాను. వాడి చిన్నప్పుడు కాటన్ దొర ఆనకట్ట చూపిస్తానని తీసుకెళ్ళేవాణ్ణి. జనవరి కదా, దిగువన ఇసుకతిన్నెలు బయటపడి ఉన్నాయి. వరదల్లో ఇక్కడే గంట గంటకీ నీటిమట్టం చూసి రాస్తారు. 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండవది, 17.75 అయితే మూడవది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటి, 2022 జూలైలో 25 లక్షలు దాటి ప్రవహించినప్పుడు కూడా ఆ అంకెలు అలాగే రాశారు. 'ఇవాళ గోదావరికి బాగాలేదు, ఈ రోజు వదిలేద్దాం' అనలేదు. అన్నారా, లంకల్లో వాళ్ళు ఏమైపోదురు! చెడ్డ అంకె రాయబట్టే పడవలు బయలుదేరాయి, పిల్లాజెల్లా గట్టెక్కారు.

గట్టుమీద నిలబడి మా మేనల్లుడికి అరికాళ్ళ సంగతి చెప్పాను. వాడు బోధలేమీ చెయ్యలేదు. "రేపు పొద్దున్న మొదటిది రాయండి మావయ్యా," అన్నాడు. అంతే.

మర్నాడు రాశాను. 186. నా చేత్తో అలాంటి అంకె రాయడం అదే మొదలు. ఆ వారమే రక్తపరీక్ష చేయించుకుని వెళితే డాక్టరుగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, "మీ పుస్తకం ప్రకారం మీకీ జబ్బే లేదండీ. మీ రక్తం మాత్రం ఒప్పుకోవడంలేదు," అన్నారు. మూడు నెలల సగటు ఏడు లోపు ఉంచుకోవలసింది, ఎనిమిదిన్నర ఉంది. మాత్ర మార్చారు, పాదాలు పరీక్ష చేశారు. మించిపోలేదు, కాని ఏడాది ముందు రావలసింది అన్నారు. ఆ ఏడాదిని మింగినవాణ్ణి నేనే.

మేనల్లుడు వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నా పుస్తకం మొదటి పేజీలో నాలుగు గడులు గీసి ఇచ్చాడు: మొదటిది, సగటు, చెడ్డది, రేపు దిద్దుకోవలసింది ఒకటి. నిన్నటి పేజీలో చెడ్డది 211. దానికెదురుగా నాలుగో గడిలో 'కాజా' అని రాశాను. ఎర్రసిరాతో రాశాను.

కాలెండరులో చుక్క పెట్టడానికి వచ్చిన మా ఆవిడ అది చూసి, ఏమీ అనకుండా పెన్ను మూత పెట్టేసి వెళ్ళిపోయింది.