కాలం ఖర్చవుతుందా, నిండుతుందా?

కొత్తపేట నుంచి మా అమ్మ మొన్న ఫోను చేసి, "పొద్దు పోవడం లేదురా, ఓసారి వచ్చి వెళ్ళు" అన్నది. "వచ్చే నెలలో నీకు రెండు రోజులు సమయం కేటాయిస్తానమ్మా" అన్నాను. "కేటాయించడానికి నేనేమైనా రేషను కార్డునా?" అని నవ్వింది. ఆ నవ్వు నన్ను ఇంకా వదలలేదు.

నేనన్నవి తెలుగు మాటలే, భావం మాత్రం ఆంగ్లానిది. సమయం ఆదా చేయడం, వెచ్చించడం, పెట్టుబడి పెట్టడం... అన్నీ కొట్టు లెక్కలే. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1748లో ఒక యువ వర్తకునికి సలహాలు రాస్తూ కాలమే ధనమని గుర్తుంచుకోమన్నాడు. వర్తకునికి చెప్పిన ఆ మాటను నేను తల్లి దగ్గర వాడాను.

మన పాత లెక్క వేరు. అడుగున సన్నని రంధ్రమున్న గిన్నెను నీటిమీద వదిలితే, అది నిండి మునిగేసరికి ఒక ఘడియ, అంటే 24 నిమిషాలు. అలాంటివి అరవై అయితే ఒక రోజు. ఆ గిన్నె మరుగున పడినా, నిండడమనే ఊహ మన నోట మిగిలే ఉంది. చూలాలికి నెలలు నిండుతాయి, పోయినవారికి నూరేళ్ళు నిండుతాయి. ఖర్చయినది చేతిలో ఉండదు, నిండినది ఉంటుంది.

కోనసీమలో ఈ తేడా మరింత స్పష్టం. చేబదులు తీసుకున్నవాడు తారీఖు చెప్పడు, "వచ్చే దింపుకి ఇచ్చేస్తాను" అంటాడు. నెలన్నరకో రెండు నెలలకో కొబ్బరికాయ ముదరాలి, దింపు పడాలి. కాయను తొందరపెట్టలేమని ఇచ్చినవాడికీ తెలుసు.

మనవాళ్ళకు కాలం విలువ తెలియదని కాదు. "క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు" అన్న సామెత మనదే. కాలాన్నీ డబ్బునీ ముడివేసింది కూడా వెక్కిరించడానికే! రైలుకూ, ఆఫీసుకూ గడియారం కావాలి. అక్కడ ఆంగ్లపు నుడికారం వాడుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఇంట్లోవాళ్ళతో మాట్లాడేటప్పుడు కూడా అదే వాడితే, మనకు తెలియకుండానే వారిని ఖర్చు పద్దులో రాసేస్తున్నాం. నా ఫిర్యాదు అంతవరకే.

"పొద్దు పోవడం లేదు" అన్నప్పుడు అమ్మ నా సమయం అడగలేదు. తన పొద్దు కదలడం లేదని చెప్పింది. ఆ రెండూ ఒకటి కావని గ్రహించడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

టికెట్టు కొన్నాను. ఎన్నాళ్ళుంటావని అడిగితే "దింపు అయ్యేదాకా" అనాలని ఉంది. అంత ధైర్యం లేదు, నాలుగు రోజులే సెలవు. కానీ ఈసారి 'కేటాయించాను' అని మాత్రం అనను.

మీ ప్రాంతాలలో పెద్దవాళ్ళు పొద్దునీ కాలాన్నీ ఏయే మాటలతో కొలుస్తారో తెలిసినవారు ఇక్కడ రాయండి. అవి వాడేవారు ఉండగానే పోగుచేసుకుందాం.