కారుకు తలుపు బార్లా, మెకానిక్‌కు తాళం

బ్రిటన్‌తో 2025 జూలై 24న వాణిజ్య ఒప్పందం మీద సంతకాలైన దగ్గర్నుంచీ టీవీ చర్చలన్నీ ఒక్క ప్రశ్న చుట్టూనే: జాగ్వార్ ఎంత చవకవుతుంది? వంద శాతం దాటిన సుంకం కోటా పరిమితిలో దశలవారీగా పదికి దిగుతుందని వేళ్ల మీద లెక్కలు కట్టిన నిపుణుల్లో, ఆ కారు చెడితే బాగుచేసేదెవరని అడిగినవారు నాకు ఒక్కరూ కనబడలేదు. సరుకుకు గేట్లు ఎత్తేసి, మరమ్మతును అమ్మినవాడి గుప్పిట్లోనే ఉంచితే అది సగం సరళీకరణే.

ఇది నా అనుమానం కాదు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ తేల్చిన సంగతి. విడిభాగాలు, లోపాలు పట్టే పరికరాలు బయటి మెకానిక్‌లకు అందనివ్వలేదని 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. వాటిని బహిరంగ మార్కెట్‌లో పెట్టమంది. బయట రిపేరు చేయిస్తే వారంటీ మొత్తం పోతుందనే షరతు చెల్లదంది. ఒక్క కంపెనీ అయితే కక్కుర్తి అనుకోవచ్చు. పద్నాలుగంటే? వ్యాపారమే అలా నడుస్తోందన్నమాట. ఆ తర్వాత మామూలే, అప్పీళ్లు, కోర్టులు.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్‌ను విప్పి, కళ్లు మూసుకుని బిగించగల చేతులున్నాయి. ఓ మిత్రుడి దిగుమతి కారులో సెన్సర్ పోతే అక్కడికే తీసుకెళ్లాం. మేస్త్రి పావుగంటలో కొత్తది వేశాడు. డాష్‌బోర్డు మీద పసుపు లైటు మాత్రం ఆరలేదు. ‘‘పార్టు కూర్చుంది సార్, కోడింగ్ చెయ్యాలి. లాగిన్ కంపెనీవాళ్ల దగ్గరే ఉంటది’’ అన్నాడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ. షోరూంలో ల్యాప్‌టాప్ తగిలించి ఐదు నిమిషాల్లో ఆర్పేశారు. బిల్లు సెన్సర్ ధరను మించింది.

నకిలీ విడిభాగాలతో ప్రాణాలకే ముప్పని కంపెనీలు అంటాయి. బ్రేకుల వరకూ ఒప్పుకుంటాను. అసలుది కౌంటర్ మీద దొరికితే నకిలీని వెతుక్కునే ఖర్మ ఎవరికి?

కేంద్రం 2022 జూలైలో ‘రిపేరు హక్కు’ మీద కమిటీ వేసింది, డిసెంబరులో పోర్టల్ తెరిచింది. పోర్టల్ చూపిస్తే ఆ పసుపు లైటు ఆరుతుందా? ఆటోనగర్ మేస్త్రికి కావలసింది లాగిన్, విడిభాగం, మాన్యువల్. విడిభాగాలు, పరికరాలు బయటివాళ్లకు అందనివ్వమని 2014లోనే చెప్పారు కదా!

స్కాచ్ మీద సుంకం ఏ ఏడాది ఎంత తగ్గాలో బేరమాడి మరీ రాసుకున్న మన అధికారులకు, పద్నాలుగు కంపెనీలు దొరికిపోయిన సొంత దేశపు ఉత్తర్వు గుర్తుకు రాలేదు కాబోలు. సుంకంలో రాయితీ కావాలా, ముందు బయటి గ్యారేజీకి తాళం తీయండి అని ఒక్క షరతు పెట్టడానికి ఏమడ్డొచ్చింది? ఇకనైనా వాణిజ్య శాఖ ఆ 2014 ఉత్తర్వు దుమ్ము దులిపి చదవాలి. కొత్తగా రాయాల్సిందేమీ లేదు.