తాత కాగితాన్ని మనవడు చదవాలి

మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల్లో తరతరాలుగా నివసిస్తున్న ముస్లిం కుటుంబాలకు ఈ అనుభవం కొత్త కాదు. ఇనుప పెట్టె అడుగున తాతల నాటి కాగితం ఒకటి ఉంటుంది. అది భూమి పట్టానో, శిస్తు రసీదో, మసీదుకు రాసిచ్చిన వక్ఫ్ పత్రమో ఎవరూ చెప్పలేరు. అది ఉర్దూలో ఉంది. ఇంట్లో అందరూ మాట్లాడేదీ ఉర్దూయే. చదవగలవారే లేరు.

ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక ఇక్కడ ప్రతి గజానికీ విలువ పెరిగింది. తగాదా వచ్చినప్పుడు 1954-55 నాటి ఖాస్రా పహాణీని, అంతకు ముందరి సేత్వార్‌ను తిరగేస్తారు. వాటిలో అధిక భాగం ఉర్దూలోనే ఉన్నాయి. మన తాత పేరు అందులో ఉన్నదో లేదో తెలుసుకోవడానికి డబ్బిచ్చి ఇతరులతో చదివించుకుంటున్నాం. వారు చదివినది సరియైనదో కాదో తేల్చుకునే శక్తి కూడా మనకు లేదు.

ఈ దుస్థితి ఒక్కనాటిది కాదు. హైదరాబాద్ రాజ్యంలో 1880వ దశకంలో ఫార్సీని తొలగించి ఉర్దూను పాలనాభాష చేశారు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఆరంభమైంది. 1948 తరువాత అక్కడి బోధన ఇంగ్లీషుకు మారింది, కచేరీల్లో ఉర్దూ క్రమంగా వెనుకబడింది. ఉర్దూ రాని తెలుగు రైతు ఆనాడు కచేరీలో పడిన ఇబ్బందే ఈనాడు మనకు ఎదురైంది. కనుక ఇది ఏ భాష మీదా ఫిర్యాదు కాదు. తహసీలు, పహాణీ, దస్తావేజు, రసీదు అని తెలుగువారందరూ నేటికీ అంటూనే ఉన్నారు. మాట నిలిచింది. మన ఇళ్లలో చదువే నిలవలేదు.

హక్కులకు కొదవ లేదు. రాజ్యాంగం 29వ అధికరణం భాషతోపాటు లిపిని కూడా పేర్కొని, వాటిని పరిరక్షించుకునే హక్కు ఇచ్చింది. భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని 350-ఏ అధికరణం చెబుతోంది. 2017లో తెలంగాణ అంతటా ఉర్దూకు రెండవ అధికార భాష హోదా లభించింది. కానీ ఉర్దూలో అర్జీ రాయగలవారే లేనిచోట ఆ చట్టం అమలును అడిగేదెవరు?

పరిష్కారం మన మసీదు గడపలోనే ఉంది. పిల్లలు మక్తబ్‌లో ఖాయిదా చేతపట్టి అరబీ అక్షరాలు ఎలాగూ నేర్చుకుంటున్నారు. ప, చ, గ, ట, డ వంటి ధ్వనులకు మరికొన్ని అక్షరాలు నేర్పితే ఉర్దూ లిపి చేతికొస్తుంది. జేర్, జబర్ గుర్తులు లేకుండా చదవడం, నస్తాలీఖ్ వాలును పోల్చుకోవడం అభ్యాసంతో వస్తాయి. పాత గుమాస్తాల గొలుసుకట్టు షికస్తా రాతకు మరింత సాధన అవసరం. మొదటి మెట్టు ఎక్కనిదే అక్కడికి చేరలేం.

మసీదు కమిటీలు రోజుకు అరగంట ఉర్దూ పఠనానికి కేటాయించాలి. పాఠశాలలో ఉర్దూ బోధన కావాలని తల్లిదండ్రులు లిఖితపూర్వకంగా కోరాలి. తెలుగు రాతను కూడా అంతే శ్రద్ధగా నేర్పించాలి. తాత హక్కు ఉర్దూలో రాసి ఉంటే, దానికోసం మనవడు తహసీల్దారుకు పెట్టుకునే అర్జీ తెలుగులో ఉంటుంది. రెండూ రానివాడు రెండు చోట్లా మోసపోతాడు.

ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న పెద్దలు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. ఈ వారమే ఆ పెట్టె తెరవండి. కాగితానికి నకలు తీయించి, వారి పక్కన మనవడిని కూర్చోబెట్టి చదివించండి.